ఇంట్లో చేసిన ప్రయోగం బెడిసికొడితే: సమస్య – పరిష్కారం

బల్బు వెలగదు, నురగ పొంగదు. "ఏదో తేడా కొట్టింది, వదిలెయ్" అని పెద్దవాళ్ళు సామాను సర్దేస్తారు. పిల్లల బుర్రకు అసలు పని పడేది అప్పుడే. కింద రాసిన కారణాలు మీరు చదివి ఉంచుకోండి, వాళ్ళకు ముందే చెప్పేయకండి. ఒక్కోదాన్నీ అనుమానించి, సరిచూసి వాళ్ళే పట్టుకోవాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయనివ్వండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు.

నిమ్మకాయ బ్యాటరీ: ఎల్ఈడీ వెలగడం లేదు

ఒక కాయలో రాగి ముక్క, జింకు పూత ఉన్న మేకు గుచ్చితే వచ్చేది సుమారు 0.9 వోల్టు. ఎర్ర ఎల్ఈడీకి దాదాపు 1.8 వోల్టులు కావాలి. తెలుపు, నీలం రంగులకైతే 3 వోల్టుల దాకా పడుతుంది. కాబట్టి ఒక్క కాయతో ఎంత తంటాలు పడినా లాభం లేదు. నాలుగు కాయలు, ఒక ఎర్ర ఎల్ఈడీ తీసుకోండి. మొదటి కాయలోని రాగిని రెండో కాయలోని జింకుకు, రెండో కాయ రాగిని మూడో కాయ జింకుకు, ఇలా వరసగా తీగలతో కలపండి. చివరికి ఒక రాగి, ఒక జింకు మిగులుతాయి. రాగి ప్లస్, కాబట్టి ఎల్ఈడీ పొడవు కాలు దానికే తగలాలి.

అయినా వెలగకపోతే ఈ వరసలో చూడండి. ఎల్ఈడీ కాళ్ళు తిరగేసి పెట్టారేమో. రాగి, మేకు కాయ లోపల ఒకదానికొకటి తాకుతున్నాయేమో. వాటి మధ్య రెండు సెంటీమీటర్లు ఉండాలి. మేకుకు అసలు జింకు పూత ఉందా? పూత ఉన్న మేకు మసకగా, బూడిద రంగులో ఉంటుంది. రాగి నల్లబడితే గరుకు కాగితంతో రుద్దండి. కాయ గట్టిగా ఉంటే గుచ్చే ముందు బల్ల మీద అరచేత్తో నొక్కి దొర్లించాలి, లోపలి పొరలు చిట్లి రసం ఊరుతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా వచ్చే కరెంటు చాలా తక్కువ. గదిలో దీపాలు ఆర్పి చూడండి. లోపలి తీగ వేడెక్కి వెలిగే పాతరకం టార్చిలైటు బల్బు మాత్రం దీనితో వెలగనే వెలగదు.

వెలిగాక కాయలు తీసేసి, అవే లోహాలను వెనిగర్ పోసిన నాలుగు కప్పుల్లో ముంచమనండి. మళ్ళీ వెలుగుతుంది. శక్తి వచ్చేది కాయలోంచి కాదు, కరిగిపోతున్న జింకులోంచి అని అప్పుడు తెలుస్తుంది. వాడిన నిమ్మకాయల్లో లోహం కలిసి ఉంటుంది, వాటిని వంటకు వాడకండి.

వంట సోడా, వెనిగర్: పొంగు చప్పగా ఉంది

చాలాసార్లు సోడా అనుకుని బేకింగ్ పౌడర్ వేసి ఉంటారు. అందులో సోడాతో పాటు ఆమ్లం, పిండి కూడా కలిపి ఉంటాయి కాబట్టి చెంచాడు పొడిలో సోడా వాటా తక్కువ. గోరువెచ్చని మామూలు నీళ్ళలో చిటికెడు వేయండి, బుసబుసమంటే అది బేకింగ్ పౌడరే.

రెండో కారణం పాళ్ళు. 5 శాతం వెనిగర్ 100 మిల్లీలీటర్లకు సరిపోయే సోడా సుమారు 7 గ్రాములు, అంటే టీ స్పూనున్నర. అంతకు మించి వేస్తే అడుగున పేరుకుంటుంది. ఈ సంగతిని బెలూన్‌తో పట్టించవచ్చు. నాలుగు సీసాల్లో 50 మిల్లీలీటర్ల చొప్పున వెనిగర్ పోసి, నాలుగు బెలూన్లలో పావు, అర, ముప్పావు, ఒకటిన్నర టీ స్పూన్ల సోడా వేసి, మూతులకు తొడిగి ఒక్కసారే పైకెత్తండి. మొదటి మూడూ ఒకదాన్ని మించి ఒకటి ఉబ్బుతాయి. నాలుగోది మూడోదానిలాగే ఆగిపోతుంది, వెనిగర్ అయిపోయింది మరి. సీసాను ముట్టుకుంటే చల్లగా ఉంటుంది, అదీ అడగదగ్గ ప్రశ్నే. సీసాకు గట్టి మూత మాత్రం ఎప్పుడూ బిగించకండి, పేలుతుంది.

స్ఫటికాలు రావడం లేదు

ఉప్పుతో చేస్తే చల్లార్చినంత మాత్రాన రావు. 100 మిల్లీలీటర్ల నీటిలో మామూలు వేడి వద్ద 36 గ్రాముల ఉప్పు కరిగితే, మరిగే నీటిలో 39 గ్రాములే కరుగుతుంది. నీరు ఆవిరయ్యేదాకా రోజుల తరబడి ఆగాల్సిందే. తొందరగా కావాలంటే పటిక వాడండి: 100 మిల్లీలీటర్ల వేడి నీటిలో 25 గ్రాములు కరిగించి, వడకట్టి, కాగితం కప్పి రాత్రంతా కదపకుండా ఉంచండి. అడుగున ఏర్పడిన వాటిలో మంచిదాన్ని సన్నని నైలాన్ దారానికి కట్టి, మిగిలిన ద్రావణంలో వేలాడదీయండి. కట్టిన స్ఫటికం కరిగిపోతే ద్రావణం ఇంకా వెచ్చగా ఉందన్నమాట.

కొవ్వొత్తి ప్రయోగం: నీరు పైకొచ్చింది గానీ వివరణ పొసగడం లేదు

నీళ్ళు పోసిన పళ్ళెంలో కొవ్వొత్తి వెలిగించి, పైన గ్లాసు బోర్లిస్తే మంట ఆరిపోయి నీరు గ్లాసులోకి ఎక్కుతుంది. ఇక్కడ తప్పు సామానుది కాదు, వివరణది. "ఆక్సిజన్ ఖర్చయింది, ఆ ఖాళీలోకి నీరు ఎక్కింది" అని చెప్పేస్తుంటారు. అదే నిజమైతే మంట మండుతున్నంతసేపూ నీరు కొద్దికొద్దిగా ఎక్కుతూ ఉండాలి. జాగ్రత్తగా చూడమనండి: ఎక్కువ భాగం మంట ఆరిన తర్వాతే ఎక్కుతుంది. మంట వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోతుంది, మిగిలింది చల్లబడి కుంచించుకుంటుంది, బయటి గాలి పీడనం నీటిని లోపలికి నెడుతుంది. తేల్చుకోవడానికి అదే గ్లాసు కింద ఒక కొవ్వొత్తితో, తర్వాత మూడింటితో చేయండి. లోపలి ఆక్సిజన్ అంతే అయినా మూడింటికి నీరు ఎక్కువ ఎక్కుతుంది.

నీరు అసలు ఎక్కకపోతే పళ్ళెంలో కనీసం ఒక సెంటీమీటరు లోతు నీళ్ళు పోయండి, గ్లాసు అంచు కింద రెండు నాణేలు ఉంచండి. మంట పనులు పెద్దవాళ్ళు పక్కనుంటేనే.

"నువ్వే చెప్పెయ్" అంటున్నారు

దీనికి కారణం చాలావరకు మన తొందరే. తరగతి గదుల్లో ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు ఎంతసేపు ఆగుతారో అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో కొలిచారు. సగటున ఒక సెకను! దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, వాళ్ళు వేసే ప్రశ్నలూ పెరిగాయి. అడిగాక మనసులో మూడు దాకా లెక్కపెట్టండి. "ఎందుకు?" అనే బదులు "ఇప్పుడేమవుతుందంటావ్?" అని ముందే అడిగి, చెప్పింది కాగితం మీద రాయించండి. ఊహ తప్పినా కొట్టివేయనివ్వకండి, పక్కనే జరిగింది రాయమనండి.

ఒకసారి చూసి వదిలేస్తున్నారు

నురగలూ పొగలూ మాత్రమే చూపిస్తే ఇంతే. రోజూ కాస్త మారేదాన్ని వాళ్ళ కంటి ఎత్తులో పెట్టండి. పటిక స్ఫటికం గ్లాసు పక్కన ఒక స్కేలు, పెన్సిలు ఉంచి, కొలిచే పని వాళ్ళకే అప్పగించండి.