ఊరి పేరు దొరికేదాకా జర్మనీ జోలికి వెళ్లొద్దు: అమెరికా మైదానాల జర్మన్ కుటుంబాల కూపీ లాగడం ఎలా

1860ల నుంచి 1890ల దాకా నెబ్రాస్కా, కాన్సాస్, డకోటా మైదానాలకొచ్చి స్థిరపడ్డ జర్మన్ రైతు కుటుంబానికి వంశవృక్షం కట్టాలంటే ముందు కావలసింది వాళ్లు వదిలొచ్చిన ఊరి పేరు. జర్మనీలో పుట్టుకలు, పెళ్లిళ్లు, చావుల లెక్కలు ఊరివారీగా, చర్చివారీగా ఉంటాయి. చేతిలో ‘ప్రష్యా’ (అప్పటి జర్మన్ రాజ్యాల్లో అతి పెద్దది) అన్న మాట ఒక్కటే పెట్టుకుని వెతకడమంటే, గోదావరి జిల్లాల్లో దిగి సుబ్బారావు గారిల్లెక్కడని అడగడమే. ఆ ఊరి పేరు చాలాసార్లు అమెరికా కాగితాల్లోనే దొరుకుతుంది. అవన్నీ తిరగేశాకే సముద్రం దాటండి.

జనాభా లెక్కలతో మొదలుపెట్టండి. 72 ఏళ్లు నిండితేగాని బయటపెట్టరు కాబట్టి ఇప్పుడు చూడగలిగిన వాటిలో చివరిది 1950ది. అక్కడి నుంచి పదేసి ఏళ్లు వెనక్కి వెళ్లండి. 1900 ఫారం బంగారం. పుట్టిన నెల, ఏడాది, అమెరికా వచ్చిన ఏడాది, తల్లికి పుట్టిన పిల్లలెందరు, బతికున్నదెందరు అన్నీ అందులో ఉంటాయి. పుట్టినవాళ్లు 9, బతికున్నవాళ్లు 6 అని ఉంటే మూడు సమాధులు ఎక్కడో ఉన్నట్టే. 1890 లెక్కలు మాత్రం 1921లో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతిని, ఆ తర్వాత దాదాపు అన్నీ పోయాయి. సరిగ్గా వీళ్లు నేల దున్నుకుంటున్న కాలమది. ఆ ఖాళీని 1885లో నెబ్రాస్కా, డకోటాల్లో విడిగా తీసిన లెక్కలతో పూడ్చాలి. కాన్సాస్ 1885, 1895ల్లో సొంతంగా తీసిన లెక్కల్లో ‘ఏ రాష్ట్రం నుంచి ఇక్కడికి వచ్చారు’ అన్న గడి కూడా ఉంది. ఇలినాయ్ అని రాసుంటే మధ్యలో కొన్నేళ్లు ఇలినాయ్‌లో ఆగారన్నమాట. అక్కడి చర్చి కూడా వెతకాలి.

పుట్టిన చోటు ఒక లెక్కలో ప్రష్యా, మరోదాంట్లో జర్మనీ అని ఉంటే కంగారు పడొద్దు. జర్మన్ సామ్రాజ్యం ఏర్పడిందే 1871లో. భాష జర్మన్, పుట్టింది రష్యా అని ఉంటే దారే వేరు. 1763లో రెండో కేథరిన్ రాణి పిలుపు మీద వోల్గా తీరానికి వెళ్లినవాళ్ల, ఆ తర్వాత నల్లసముద్రం ఒడ్డున స్థిరపడ్డవాళ్ల సంతతి వీళ్లు. 1874లో సైన్యంలో చేరడం తప్పనిసరి చేశాక గుంపులుగా మైదానాలకొచ్చారు. ఇలాంటి కుటుంబమైతే ముందు రష్యాలోని కాలనీ పేరు పట్టాలి. జర్మనీ ఆ తర్వాతి మెట్టు.

ఇక భూమి కాగితాలు. చాలామంది పట్టా ఫొటో చూసి ఇక్కడ ఆగిపోతారు, అసలు సరుకు దాని వెనకున్న ఫైల్లో ఉంది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం స్థిరపడేవాళ్లకు 160 ఎకరాల దాకా ప్రభుత్వ భూమి ఇచ్చింది. అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేయాలి, చివరికి పౌరసత్వం చూపాలి. పట్టాలు కేంద్ర ప్రభుత్వపు జనరల్ లాండ్ ఆఫీస్ రికార్డుల సైట్లో ఉచితం. పట్టా మీదున్న లాండ్ ఆఫీస్ పేరు, తుది సర్టిఫికెట్ నంబరు రాసుకుని, నేషనల్ ఆర్కైవ్స్ నుంచి మొత్తం ఫైలు తెప్పించుకోండి. ఎన్ని గదుల మట్టిగడ్డల ఇల్లు, ఎన్ని కిటికీలు, బావి ఎంత లోతు, ఎన్ని ఎకరాలు దున్నారు, ఇంట్లో ఎంతమంది అన్న వాంగ్మూలం, పౌరసత్వపు నకలు అందులో ఉంటాయి. పట్టా తేదీని వచ్చిన తేదీ అనుకోవద్దు. 1880 పట్టా అంటే సాధారణంగా దరఖాస్తు 1873-74 ప్రాంతాల్లో పడి ఉంటుంది.

సాక్షుల పేర్లు వదలకండి. తుది రుజువుకు (అంటే చట్టం షరతులు నెరవేర్చామని చూపడానికి) ముందు స్థానిక పత్రికలో ప్రకటన వేసేవారు, దాంట్లో నలుగురు సాక్షుల పేర్లుండేవి. పక్క పొలం వాళ్లే, చాలాసార్లు ఒకే ఊరి నుంచి వచ్చిన బావమరిదో, చిన్ననాటి నేస్తమో. మీవాడి ఊరు దొరక్కపోతే సాక్షి ఊరు వెతకండి, తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

పట్టా కనిపించకపోతే సెక్షన్ నంబరు చూడండి. మనకు సర్వే నంబరు ఎలాగో అక్కడ అది అలాగ. టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్ల చదరం, అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి 640 ఎకరాలు. ఈశాన్య మూల 1తో మొదలై పడమరగా 6 దాకా, కింది వరసలో మళ్లీ తూర్పుకి, అరక సాలు తిప్పినట్టు నంబర్లు నడుస్తాయి. రైలు కంపెనీలకిచ్చిన ప్రాంతాల్లో బేసి నంబర్లు వాటివి, 16, 36 సాధారణంగా బడికి. కుటుంబం సెక్షన్ 11లో ఉందంటే రైలు కంపెనీ దగ్గర కొనుక్కుని ఉండొచ్చు. అప్పుడు హోమ్‌స్టెడ్ ఫైలుండదు, కౌంటీ రిజిస్ట్రార్ దగ్గర దస్తావేజులు చూడాలి. కౌంటీలు చీలుతూ వచ్చాయి కాబట్టి పాత కౌంటీ కచేరీ కూడా అడగండి.

ఊరి పేరు బయటపడే అసలు చోటు చర్చి పుస్తకం. లూథరన్ చర్చిలు చాలావరకు మొదటి ప్రపంచ యుద్ధం దాకా జర్మన్‌లోనే రాశాయి, క్యాథలిక్ చర్చిలు ఎక్కువగా లాటిన్‌లో. చావు పద్దులో పుట్టిన ఊరు, ఏళ్లు నెలలు రోజులతో వయసు తరచుగా ఉంటాయి. 1898 మార్చి 5న పోయారు, వయసు 63 ఏళ్ల 4 నెలల 12 రోజులు అని ఉంటే ముందు ఏళ్లు, తర్వాత నెలలు, చివర రోజులు తీసేయండి: 1834 అక్టోబర్ 24. జర్మన్ రాత సాధారణంగా కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత లిపిలో ఉంటుంది. అందులో ‘ఇ’ (e) అక్షరం ‘ఎన్’ (n) లాగే కనిపిస్తుంది, అక్షరం మీద కొక్కెం ఉంటే ‘యు’ (u), లేకపోతే అనుమానించాలి. 7 పక్కన ‘బెర్’ అని ఉంటే సెప్టెంబర్, జులై కాదు.

పేర్ల సంగతి: చాలాసార్లు ఇంట్లో కొడుకులందరికీ ముందు యోహాన్ ఉంటుంది, పిలిచే పేరు రెండోదో మూడోదో. ష్మిట్ స్మిత్ అవుతాడు, సిమ్మర్‌మన్ కార్పెంటర్ అవుతాడు. న్యూయార్క్‌లో వలసదారులు దిగే ఎల్లిస్ ఐలాండ్‌లో పేర్లు మార్చేశారన్నది కట్టుకథ. అక్కడి జాబితాలు ఓడ బయలుదేరిన రేవులోనే రాసి తెచ్చేవారు, పైగా ఎల్లిస్ ఐలాండ్ తెరిచిందే 1892లో. జర్మనీలోని హాంబర్గ్ రేవు ప్రయాణికుల జాబితాలు 1850 నుంచి 1934 దాకా ఉన్నాయి, నివాసం ఊరు కూడా ఉంటుంది. మరో జర్మన్ రేవు బ్రేమెన్‌వి చాలావరకు లేవు. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షంలో హాంబర్గ్ ఓడలోని పేరు అతికించి ఉంటే భార్యాపిల్లల వయసులు సరిపోల్చకుండా నమ్మొద్దు.

ఊరి పేరు దొరికాక 1912 మేయర్స్ గెజిటీర్ (జర్మన్ ఊళ్ల పేర్ల నిఘంటువు) చూడండి, ఆన్‌లైన్‌లో ఉంది. నాయ్‌డోర్ఫ్ లాంటి పేరున్న ఊళ్లు లెక్కలేనన్ని, జిల్లా పేరు కలిస్తేనే అది మీ ఊరు. దేశమంతటా ప్రభుత్వ నమోదు 1876 నుంచే. అంతకు ముందువాటికి చాలాచోట్ల చర్చి పుస్తకాలే దిక్కు: ప్రొటెస్టెంట్ పుస్తకాలు చాలావరకు డబ్బు కట్టి ఆర్కియాన్ సైట్లో, క్యాథలిక్‌వి చాలావరకు ఉచితంగా మాట్రికులా సైట్లో. పొమెరేనియా, సైలీషియా ఊళ్లయితే ఇప్పుడు ఎక్కువభాగం పోలాండ్‌లో ఉన్నాయి, పేర్లూ మారాయి. స్టెటిన్‌ని ష్చెచిన్ అని, బ్రెస్లావ్‌ని వ్రోత్స్వాఫ్ అని వెతకాలి.