మాట స్వేచ్ఛపై మూడు తరాల అభిప్రాయాలను సేకరించే విధానం

భావ ప్రకటనా స్వేచ్ఛ ఉండాలా అని అనంతపురంలో ఎవరిని అడిగినా ఉండాలనే చెబుతారు. అందుచేత ఆ ప్రశ్నతో మొదలుపెట్టిన సేకరణ, ఎన్ని ఇళ్లు తిరిగినా, ఎందుకూ కొరగాదు. తరాలు మారేకొద్దీ ఈ విషయంలో దృక్పథం ఎలా మారుతున్నదో తెలుసుకోదలచిన కళాశాల విద్యార్థులు గానీ, గ్రంథాలయాల్లో చర్చాసభలు నడిపేవారు గానీ ఎవరు, ఏ మాట, ఎక్కడ మాట్లాడితే ఒప్పుకుంటారు అని అడగాలి.

ఇలా అడగడానికి పాత ఒరవడి ఉంది. అమెరికాలో 1954లో శామ్యూల్ స్టౌఫర్ జరిపిన సర్వేలో, మీ ఊళ్లో ఒక కమ్యూనిస్టునో నాస్తికుణ్ణో ఉపన్యసించనిస్తారా, అతని పుస్తకాన్ని గ్రంథాలయంలో ఉండనిస్తారా అని అడిగారు. పెద్దలకంటే చిన్నవారే ఎక్కువ సహనం చూపారు. అదే దేశంలో 2015లో ప్యూ పరిశోధన సంస్థ వేరే ప్రశ్న వేసింది. అల్పసంఖ్యాక వర్గాలను కించపరిచే మాటలను ప్రభుత్వం అడ్డుకోవచ్చని 18 నుంచి 34 ఏళ్లవారిలో 40 శాతం మంది అన్నారు. డెబ్బై దాటినవారిలో అలా అన్నవారు 12 శాతమే. కాబట్టి యువత స్వేచ్ఛ వైపు, వృద్ధులు కట్టుబాటు వైపు ఉంటారని ముందే అనుకొని బయలుదేరకూడదు. ఏ మాట గురించి అడుగుతున్నామన్న దాన్నిబట్టి జవాబు తిరగబడుతుంది.

ప్రశ్నలు మన జిల్లాలకు సరిపోవాలి. గ్రామసభలో సర్పంచును లెక్కలు అడగడం, వేరుశనగ పంట బీమా రాలేదని కలెక్టరేటు ముందు నినాదాలు ఇవ్వడం, ఎమ్మెల్యేను ఎగతాళి చేస్తూ వీడియో పెట్టడం, మరో కులాన్ని తక్కువచేసే పాటను పెళ్లి ఊరేగింపులో మోగించడం, ఇష్టం లేని సంబంధం గురించి ఒక అమ్మాయి వాట్సాప్ స్టేటస్‌లో రాసుకోవడం: ఇలాంటి ఐదారు సందర్భాలు చాలు. అవ్వను, కొడుకును, మనవరాలిని ఒకే మాటల్లో, విడివిడిగా అడగాలి. మగవారు వసారాలో కూర్చొని ఉండగా కోడలు చెప్పే జవాబు ఆమెది కాకపోవచ్చు.

మనుషులను వయసునుబట్టి కాక, వారికి ఇరవై ఏళ్లున్నప్పుడు ఏం జరుగుతున్నదన్న దాన్నిబట్టి ఎంచుకోవడం మేలు. 1955 ప్రాంతంలో పుట్టినవారికి ఆ వయసు వచ్చేసరికి అత్యవసర పరిస్థితి, పత్రికలపై సెన్సారు అమలులోకి వచ్చాయి. అయితే ఆ కోపంతో కాంగ్రెస్‌ను ఓడించిన ఉత్తరాది జ్ఞాపకాలను మన పెద్దల నోట పెట్టకూడదు. 1977 లోక్‌సభ ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే దక్కాయి. మిగిలిన ఒక్కటీ మన నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గెలిచినది. ఆ రోజుల్లో అంతా సక్రమంగా నడిచిందని ఒక పెద్దాయన చెబితే వాదనకు దిగక, ఏది నడిచిందో అడిగి రాసుకోవాలి. నా అంచనాలో అసలు సమాచారం అక్కడే దొరుకుతుంది.

చట్టం గురించి తెలుసుకొని వెళ్లాలి గానీ, దాన్ని ప్రశ్నగా వేయకూడదు. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో పత్రికలో రాసిన రాతకు రాజద్రోహ నేరం కింద జైలుకు వెళ్లారు. మన జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగా, ఆ ప్రభుత్వం ఒక పత్రికపై విధించిన నిషేధాన్ని 1950లో రమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. మరుసటి ఏడే మొదటి రాజ్యాంగ సవరణ, మాట స్వేచ్ఛకు పరిమితులు పెట్టే 19(2) అధికరణంలో శాంతిభద్రతల కారణాన్ని చేర్చింది. ఆన్‌లైన్ రాతలకు అరెస్టులు చేయడానికి వాడిన, ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు రద్దు చేసింది. జనం సెక్షన్లను గుర్తుంచుకోరు. ఎవరిని పోలీసులు పట్టుకుపోయారో, ఎవరు ఊరు విడిచిపోయారో గుర్తుంచుకుంటారు.

అందుకే ప్రతి సందర్భం చివర, అలా మాట్లాడితే ఏమయ్యేది అన్న ప్రశ్న తప్పనిసరి. ఫ్యాక్షన్ ఉన్న పల్లెల్లో పెరిగిన వృద్ధుడికి ప్రభుత్వంకంటే ఊరి పెద్దమనిషి భయమే ఎక్కువై ఉండవచ్చు. 2016 తరువాత చవకైన మొబైల్ డేటాతో పెరిగిన మనవడు స్క్రీన్‌షాట్‌కు, గ్రూపులోని బంధువులకు జంకవచ్చు. రచ్చకట్ట మీద కూర్చోనివ్వని కులంలో పుట్టినవారు నాడు మౌనంగా ఉన్నారంటే, దాన్ని అభిప్రాయంగా లెక్కవేయడం అన్యాయం. ఒకే తరంలో కులం, స్త్రీపురుష భేదం తెచ్చే తేడా కొన్నిసార్లు తరాల మధ్య తేడాను మించిపోతుంది.

జవాబులు చేతికొచ్చాక అన్నిటినీ తరం ఖాతాలో వేయకూడదు. బాధ్యతలు మీదపడి జాగ్రత్త పెరిగితే అది వయసు ప్రభావం. మూడు తరాలూ ఇటీవల ఒకే వైపు మారితే అది కాలం ప్రభావం. యౌవనంలో ఏర్పడిన అభిప్రాయం చివరిదాకా నిలిస్తేనే అది తరం ప్రభావం. మీకు ఇరవై ఏళ్లప్పుడు ఏమనేవారు అని అడగవచ్చు గానీ, జ్ఞాపకం ఇప్పటి అభిప్రాయానికి అనుగుణంగా సర్దుకుంటుంది గనుక, అప్పుడు నిజంగా చేసిన పని, అంటే వెళ్లిన ధర్నా, సంతకం పెట్టిన అర్జీ, మానుకున్న మాట, అడగడం నమ్మదగిన దారి. ఒక్క విడత సేకరణతో ఈ మూడింటినీ పూర్తిగా విడదీయలేమని నివేదికలోనే రాయాలి.

ఊరు, పేరు, పార్టీ గుర్తుపట్టగల వివరాలన్నీ తొలగించి, రాసిన ప్రతిని చెప్పినవారికే చదివి వినిపించాలి. తీసేయమన్న వాక్యాన్ని మారుమాట లేకుండా తీసేయాలి; ఏ తరం వారు ఎలాంటి వాక్యాలను తీసేయమన్నారో మాత్రం, పేర్లు లేకుండా, విడిగా లెక్క రాసుకోవచ్చునా అని వారినే అడగాలి.