గేటు నుంచి రన్‌వే దాకా: దారి తప్పకుండా ఇద్దరు పైలట్లు కలిసి ట్యాక్సీ చేయడం ఎలా?

శంషాబాద్‌లో కిటికీ పక్క సీట్లో కూర్చున్నారనుకోండి. ట్రాక్టర్ విమానాన్ని వెనక్కి నెట్టి తన దారిన తాను వెళ్లిపోయింది. ఇక విమానం సొంత ఇంజన్లతో మెల్లగా మలుపులు తిరుగుతూ, ఆగుతూ, మళ్లీ కదులుతూ రన్‌వే వైపు పోతుంది. దీన్నే ట్యాక్సీయింగ్ అంటారు. మనకైతే అది ఇంటికి ఆఖరి మెసేజ్ పెట్టి ఫోన్ పక్కన పడేసే టైమ్. ముందు కూర్చున్న ఇద్దరికి మాత్రం అప్పుడు క్షణం తీరిక ఉండదు. రాత్రయితే నేలంతా నీలం, ఆకుపచ్చ దీపాలే, ఒక దారికీ ఇంకో దారికీ తేడా చప్పున తెలియదు. పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు, సిమ్యులేటర్ ఆడేవాళ్లు, ఊరికే తెలుసుకోవాలనుకునేవాళ్లు ఎవరైనా సరే, ఆ పని ఎలా చేస్తారో వరసగా చూద్దాం.

1. కదలకముందే దారి మాట్లాడుకోండి

పార్కింగ్ బ్రేక్ వేసి ఉండగానే ఎయిర్‌పోర్ట్ చార్ట్ తెరవండి. ఏ దారిలో పంపే అవకాశం ఉంది, ఏ ట్యాక్సీవే (రన్‌వేకి తీసుకెళ్లే దారి) మూసేశారు, ఎక్కడ రన్‌వే దాటాలి అన్నవి పైకి చెప్పుకోండి. పైలట్లు తరచూ తికమకపడే చోట్లను చార్ట్‌లో హాట్‌స్పాట్ అని గుర్తు పెడతారు. మీ దారిలో అలాంటిది ఉంటే దాని మీద వేలు పెట్టి మరీ చూపించండి. రోజూ వచ్చే ఎయిర్‌పోర్టే కదా అని ఈ మెట్టు దాటేసేవాళ్లుంటారు. నా దృష్టిలో అసలు భయపడాల్సింది ఆ అలవాటుకే.

2. క్లియరెన్స్ ఇద్దరూ వినాలి

నేల మీద విమానాల కదలికలు చూసే గ్రౌండ్ కంట్రోలర్ రేడియోలో దారి చెప్పి అనుమతి (క్లియరెన్స్) ఇస్తున్నప్పుడు ఇంకో పని పెట్టుకోకూడదు. ఫస్ట్ ఆఫీసర్, అంటే కెప్టెన్ పక్కన కూర్చునే రెండో పైలట్, రాసుకుని తిరిగి చదువుతాడు. దీన్నే రీడ్‌బ్యాక్ అంటారు. అందులో రన్‌వే నంబరు, 'హోల్డ్ షార్ట్' అన్న మాట తప్పకుండా ఉండాలి. హోల్డ్ షార్ట్ అంటే ఫలానా రన్‌వే ముందు ఆగమని. 'రోజర్' (విన్నాను) అని ఊరుకుంటే కుదరదు. తర్వాత ఇద్దరూ చార్ట్‌లో ఆ దారిని పోల్చి చూసుకోవాలి. ట్యాక్సీవే పేరు ఒకరు ఆల్ఫా అని, ఇంకొకరు బ్రావో అని విన్నారా? మీలో మీరు తేల్చుకోకండి, కంట్రోలర్‌నే మళ్లీ అడగండి.

3. ఒకరు బయటికి, ఒకరు చార్ట్ వైపు

నేల మీద విమానాన్ని తిప్పడానికి టిల్లర్ అనే చిన్న చక్రం ఉంటుంది. చాలా విమానాల్లో అది కెప్టెన్ వైపే ఉంటుంది కాబట్టి మామూలుగా ఆయనే నడుపుతాడు, చూపు బయటే ఉండాలి. ఫస్ట్ ఆఫీసర్ చార్ట్ పట్టుకుని "వచ్చే ఎడమ మలుపు బ్రావో, దాని తర్వాత రన్‌వే" అని ముందే చెబుతూ ఉండాలి. కారులో పక్క సీట్లో కూర్చుని మ్యాప్ చూసి దారి చెప్పేవాడి పనే ఇది, కాకపోతే ఇక్కడ మలుపు దాటిపోయాక రివర్స్ గేర్ లేదు.

ఇద్దరి తలలూ ఒకేసారి కిందికి వంగకూడదు. చివరి నిమిషంలో రన్‌వే మారి కంప్యూటర్‌లో అంకెలు మార్చాల్సి వస్తే విమానాన్ని ఆపి మార్చండి. చెక్‌లిస్టు తిన్నటి దారిలో చదవండి, కూడలి దగ్గర కాదు. వేగం తిన్నటి దారిలో 30 నాట్లు (గంటకు సుమారు 55 కిలోమీటర్లు) మించకుండా, మలుపుల్లో 10 నాట్ల దగ్గర ఉంచుకోవడం చాలామంది పాటించే లెక్క. ఇరుకు చోట్ల రెక్క చివర ఎక్కడుందో సీట్లోంచి అంచనా వేయడం కష్టం. 2024 మార్చి 27న కోల్‌కతాలో ట్యాక్సీ చేస్తున్న ఒక విమానం రెక్క, ఆగి ఉన్న ఇంకో విమానం రెక్కకు తగిలింది. పడుతుందో లేదో అనిపిస్తే ఆగిపోండి.

4. బోర్డుల రంగులు

నల్ల బోర్డు మీద పసుపు అక్షరం ఉంటే మీరిప్పుడు ఉన్న చోటు అది. పసుపు బోర్డు మీద నల్ల అక్షరం పోవాల్సిన దారి చూపిస్తుంది. ఎర్ర బోర్డు మీద తెల్ల అంకెలు కనిపిస్తే ముందున్నది రన్‌వే, అనుమతి లేకుండా అడుగు వేయొద్దు. నేలలో అడ్డంగా ఎర్ర దీపాల వరస వెలుగుతుంటే నోటితో అనుమతి వచ్చినా దాటకూడదు, అడిగి ఆర్పించుకోవాలి. రన్‌వే దాటే ముందు ఇద్దరూ తమ తమ వైపు చూసి "ఎడమ ఖాళీ", "కుడి ఖాళీ" అని చెప్పుకోవాలి.

5. రన్‌వే ఎక్కాక దిక్సూచి చూడండి

2006 ఆగస్టు 27, అమెరికాలోని లెక్సింగ్టన్. ఇంకా తెల్లవారలేదు. కామ్‌ఎయిర్ 5191 విమానం 22వ రన్‌వే నుంచి లేవాలి. దాని పొడవు 7 వేల అడుగులు. దారిలో అడ్డం వచ్చే 26వ రన్‌వేని దాటి అక్కడికి పోవాలి. ట్యాక్సీ చేస్తూ ఇద్దరూ పనికి సంబంధం లేని కబుర్లు కాసేపు చెప్పుకున్నారు. దాటాల్సిన 26 మీదికే తిరిగిపోయారు. అది 3,500 అడుగులే, పైగా దీపాలు లేవు. పరుగు మొదలయ్యాక ఫస్ట్ ఆఫీసర్ దీపాల్లేకపోవడం వింతగా ఉందన్నాడు, కెప్టెన్ అవునన్నాడు. అంతే, ఆ మాట అక్కడే ఆగింది. 50 మందిలో 49 మంది పోయారు.

రన్‌వే నంబరు పక్కన సున్నా పెడితే అది చూసే దిక్కు దాదాపుగా వస్తుంది. 22 అంటే సుమారు 220 డిగ్రీలు, 26 అంటే 260. ఎదురుగా ఉన్న దిక్సూచిలో ఆ 40 డిగ్రీల తేడా కనిపిస్తూనే ఉంటుంది. అందుకే థ్రాటిల్ ముందుకి తోసే ముందు "రన్‌వే ఇరవై రెండు, దిక్కు సరిపోయింది" అని ఒకరు చెప్పాలి, రెండోవాళ్లు స్వయంగా చూసి సరే అనాలి. పట్టేది మూడు సెకన్లు.

6. సార్ అయినా సరే, ఆపండి

1977 మార్చి 27న టెనెరిఫ్ దీవిలో పొగమంచులో రెండు జంబో జెట్లు రన్‌వే మీదే గుద్దుకుని 583 మంది చనిపోయారు. కేఎల్ఎం విమానం పరుగు మొదలుపెట్టాక, ఎదుటి విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదేమో అని ఫ్లైట్ ఇంజనీర్ అడిగాడు. కెప్టెన్ ఆ సంస్థలో పైలట్లకు ట్రైనింగ్ ఇచ్చే పెద్దమనిషి. ఖాళీ అయిందని గట్టిగా చెప్పేసరికి ఇంజనీర్ ఇంకోసారి అడగలేదు.

పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదని పెరిగిన మనకి ఇది బాగా అర్థమవుతుంది. అందుకే భారం ముందు కెప్టెన్ మీద పెట్టాలి. బ్రీఫింగ్‌లోనే "నేను తప్పు దారి పడితే స్టాప్ అను, ముందు బ్రేక్ వేస్తా, తర్వాత మాట్లాడుకుందాం" అని ఆయనే చెప్పాలి. ఫస్ట్ ఆఫీసర్ కూడా "సార్, ఇది మన దారేనా?" అని నసగకుండా "సార్, ఆగండి, ఇది ఆల్ఫా కాదు" అనాలి.

7. ఎక్కడున్నారో తెలియకపోతే

గాల్లో చేయలేనిది నేల మీద చేయొచ్చు: ఆగడం. 2001 అక్టోబర్ 8న మిలాన్‌లోని లినాటెలో మంచులో ఒక చిన్న జెట్ ఆర్5 అనే ట్యాక్సీవే బదులు ఆర్6 పట్టింది. పైలట్లు నేల మీద కనిపించిన 'ఎస్4' గుర్తును రేడియోలో చెప్పారు కూడా. అది కంట్రోలర్ దగ్గరున్న మ్యాప్‌లో లేదు. అదేమిటో ఎవరూ తేల్చుకోలేదు, జెట్ ముందుకే పోయి టేకాఫ్ అవుతున్న విమానానికి అడ్డం వచ్చింది. 118 మంది చనిపోయారు.

కాబట్టి బోర్డుకీ చార్ట్‌కీ పొంతన కుదరకపోతే బ్రేక్ వేసి "ఎక్కడున్నామో తెలియడం లేదు" అని అవే మాటల్లో రేడియోలో చెప్పండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. మీరు నిలబడింది రన్‌వే మీదే అన్న అనుమానం వస్తే అక్కడ ఆగి ఆలోచించకండి. టవర్‌కి వెంటనే చెబుతూనే దాని మీంచి పక్కకి తప్పుకోండి, చార్ట్ ఆ తర్వాత చూసుకోవచ్చు.