పచ్చిక తీసి తోట వేయాలంటే ముందు అట్టపెట్టెలు పోగేయండి

లాన్ తీసేసి తోట వేద్దామనుకోగానే చాలామంది నర్సరీకి పరుగెడతారు. నేనైతే ముందు అట్టపెట్టెలు పోగేయమంటాను. గడ్డిని చంపడమే అసలు పని, మొక్కలు నాటడం ఆ తర్వాతి సరదా.

మొత్తం జాగా జోలికి ఒకేసారి పోవద్దు. నీళ్లు తెగ తాగుతూ ఎవరూ అడుగుపెట్టని మూలతో మొదలుపెట్టండి. గడ్డిని నేలబారుగా కోసి బాగా తడపండి. అట్టల మీది టేపు, పిన్నులు పీకేసి, ఒకదాని అంచు మరోదాని మీదికి కనీసం 15 సెంటీమీటర్లు ఎక్కేలా పరవండి. ఇక్కడ పిసినారితనం చూపితే, వేలెడు సందులోంచి కూడా గడ్డి తల ఎత్తుతుంది. అట్టలనూ తడిపి, పైన 10 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులో చెక్కపేళ్లో కప్పండి. వెలుతురు అందక గడ్డి కొన్ని నెలల్లో చచ్చి మట్టిలో కలిసిపోతుంది. ఓపిక పట్టలేక తవ్వారో, అడుగున పడి ఉన్న కలుపు విత్తనాలన్నీ పైకొచ్చి మొలకెత్తుతాయి.

గరిక అయితే అట్టలకు లొంగదు. నేల మీదా పాకుతుంది, లోపలా పాకుతుంది. ఎండలు మండే రోజుల్లో తడి నేల మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు బిగించి, అంచులు మట్టితో మూసి 4 నుంచి 6 వారాలు ఉంచండి. చాలావరకు మాడిపోతుంది. మిగిలిన వేర్లను కనబడినప్పుడల్లా పీకాల్సిందే, దగ్గరి దారి లేదు.

మొక్కల్ని పూలు చూసి కాదు, ఆకుల్ని ఎవరు తింటారో చూసి ఎంచుకోండి. మా జిల్లేడు ఆకులు చిల్లులు పడ్డాయని పక్కింటాయన మందు కొట్టమన్నారు. ఆకు తిప్పి చూపించాను: నలుపు, తెలుపు చారల మీద పసుపు చుక్కలతో గొంగళిపురుగులు. వాటికి మందు కొట్టాక సీతాకోకచిలుకలు ఎక్కడినుంచి వస్తాయి? (జిల్లేడు పాలు మాత్రం కంట్లో పడనివ్వకండి.)

ఎండ పడే చోట చాపంత నేలను ఏమీ కప్పకుండా వదలండి. తేనెటీగలు పట్టులు కడతాయి గానీ, వాటి చుట్టాలైన ఒంటరి ఈగల్లో ఎక్కువ జాతులు మట్టిలోనే బొరియలు చేసుకుంటాయి.

జిల్లేడులాంటి స్థానిక మొక్కలకు నీళ్లే అక్కర్లేదన్న మాట నమ్మకండి. వేరు దిగేదాకా, అంటే మొదటి ఏడాదంతా, పోయాలి. పిల్లలు ఆడుకునే చోట గడ్డి ఉంచుకోండి, నేనూ ఉంచాను.