కేబిన్‌లో ఉక్కపోతకు జనరేటర్ మందు కాదు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవలకు వేట నిషేధం. మరమ్మతులు, రంగులు అన్నీ ఆ ఎండల్లోనే. కాపలాకు ఉన్న కళాసీలు రాత్రిళ్లు కేబిన్‌లోనే పడుకుంటారు. ఉక్క భరించలేక ఎవరో ఒకరు చిన్న పెట్రోల్ జనరేటర్ తెచ్చి ఫ్యాను తిప్పుతారు. నా భయమంతా అక్కడే.

2024 డిసెంబర్‌లో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు శవాలై కనిపించారు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరింది. అది బండి, మాది బోటు అనకండి. మీ కేబిన్ అంతకంటే ఇరుకు.

ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండవలసిన చోట తానే తిష్ఠ వేస్తుంది. మొదట తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం. వేసవిలో వీటిని అందరూ ఎండదెబ్బే అనుకుంటారు. కాసేపు పడుకుంటే తగ్గుతుందని ఆ కేబిన్‌లోనే మళ్లీ నడుం వాలుస్తారు.

‘జనరేటర్ బయటే పెట్టాం కదా’ అని బోటు నడిపే సరంగు ఒకడు నాతో వాదించాడు. నిజమే, అమరంలో, అంటే బోటు వెనక భాగంలో, డెక్ మీదే ఉంది. కానీ గాలి వెనక నుంచి వీస్తోంది. కేబిన్ వెనక కిటికీకి కట్టిన తువ్వాలు లోపలివైపే ఎగురుతోంది. పొగ ఎటు పోతోందో ఆ తువ్వాలే చెప్పింది.

చల్లదనానికి చౌక దారులు లేకపోలేదు. అన్నిటికంటే ముందు పైకప్పు సంగతి చూడండి. కప్పుకు జానెడు ఎత్తున టార్పాలిన్ లాగి కట్టండి. కప్పుకు ఆనించి పరిస్తే లాభం లేదు, మధ్యలో గాలి ఆడాలి. కప్పు పైన తెల్ల రంగు వేయండి. వీలుంటే అణియం, అంటే బోటు ముందు భాగం, గాలికి ఎదురుగా ఉండేలా బోటు కట్టి, ముందూ వెనకా తెరిచి ఉంచండి. గాలి లోపలికి వచ్చే చోట తడి గోనె వేలాడదీయవచ్చు గానీ, తీరపు తేమలో దానితో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. బ్యాటరీతో నడిచే 12 వోల్టుల ఫ్యాను చాలు, వైరుకు ఫ్యూజు తప్పనిసరి.

ఇక మిగిలినవి:

జనరేటర్ నడుస్తుంటే కేబిన్‌లో పడుకోకండి. కిటికీ తెరిచినా సరే.

పక్క బోటు జనరేటర్ కూడా మీ జనరేటరే. ఆపమని అడగండి, మొహమాటం వద్దు.

ఇంజను గది నుంచి కేబిన్‌లోకి పైపులు వచ్చే రంధ్రాలు పూడ్చండి.

కప్పు లోపల థర్మకోల్ అంటించకండి. నిప్పు తగిలితే నిమిషాల్లో అంటుకుంటుంది.

కేబిన్‌లో గ్యాస్ పొయ్యి వద్దు.

చల్లగా ఉందని ఖాళీ చేపల గదిలోకి దిగకండి. కుళ్లిన చేప, మురుగు నీటి నుంచి విషవాయువు పుడుతుంది. ఎవరైనా లోపల పడిపోతే వెంటనే దూకకండి, రెండో శవం మీదే అవుతుంది. కేకలు వేయండి, 112కు ఫోను చేయండి.

ఒకే కేబిన్‌లో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వస్తే అది ఎండ కాదనుకోండి. ఇద్దరినీ బయటికి లాగండి, తర్వాత జనరేటర్ ఆపండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మళ్లీ చెబుతున్నాను, జనరేటర్ నడుస్తుంటే కేబిన్‌లో పడుకోకండి. ఉక్కగా ఉంటే చాప తెచ్చుకుని జెట్టీ మీద పడుకోండి.