ఎంత తిన్నా బరువెక్కని పిల్లవాడు: పౌడర్ డబ్బా కొనే ముందు చూడాల్సింది

హనుమకొండ జేఎన్‌ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) గేటు దగ్గర బండి ఆపి తండ్రులు కోచ్‌నైన నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే. "పోరడు బాగనే తింటడు సార్, బరువే ఎక్కుతలేడు. ఏ పౌడర్ పెట్టమంటరు?" వాడికి 15, 16 ఏళ్లుంటాయి. రోజూ ప్రాక్టీస్. మూడు నెలలుగా కాంటా మీద అదే అంకె. కబడ్డీలో కూతకొచ్చిన రైడర్ నడుం పట్టుకుంటే రైడరే వీణ్ని లైను దాకా ఈడ్చుకుపోతున్నాడు.

పౌడర్ పేరు నేను చెప్పను. మూడు రోజులు వాడు ఏం తిన్నాడో, ఎన్ని గంటలకు తిన్నాడో కాగితం మీద రాశారా అని అడుగుతాను. ముందే రాసుకుని వచ్చినవాళ్లు ఇంతవరకు నాకు తగల్లేదు. "మా పిల్లగాడు ఏం తింటడో మాకు తెల్వదా సార్" అంటారు. తెలియదు. ఒకప్పుడు నాకూ తెలియలేదు.

కాంటా సంగతి ముందు తేల్చేద్దాం. వారానికి ఒక్కసారి, పొద్దున బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే కాంటా మీద చూడండి. ఒకవారం ఇంట్లో, ఇంకోవారం మెడికల్ షాపులో చూస్తే ఆ అంకెకు అర్థం లేదు. నీళ్ల తేడాకే కిలో అటూ ఇటూ అవుతుంది. తలుపు చెక్క మీద ఎత్తు కూడా గీత పెట్టండి. ఎత్తు పెరుగుతూ బరువు అక్కడే ఉందంటే వాడు చిక్కిపోతున్నట్టే.

ఇక అసలు దొంగ.

హసన్‌పర్తి వైపు నుంచి ఒక కబడ్డీ పిల్లవాడు వచ్చేవాడు. 16 ఏళ్లు, 48 కిలోలు. తండ్రి ఆటో నడిపేవాడు. ఒకరాత్రి వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాను. కంచంలో అన్నం గుట్టలా పెట్టుకుని, పప్పుతో ఒకసారి, పచ్చిపులుసుతో ఒకసారి, పెరుగుతో ఇంకోసారి కానిచ్చాడు. ఇంత తినేవాడికి తిండి లోటేముంటుంది, ఒళ్లు తీరే అంత అనుకున్నాను. రోజుకు రెండు గుడ్లు, గ్లాసు పాలు కలపమన్నాను. రెండు నెలల్లో కాంటా కదిలింది లేదు. ఈలోపు తండ్రి అప్పు చేసి పౌడర్ డబ్బా కొన్నాడు. నేను వద్దనలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది.

ఒకపొద్దున రన్నింగ్ మధ్యలో వాడు కళ్లు తిరిగి కూర్చుండిపోయాడు. ఏం తిన్నావురా అంటే చాయ్ అన్నాడు. ప్రాక్టీస్ అయ్యాక? బస్సు దొరకదని ఉరుకుతాడట. ఇంటర్వెల్‌లో? ఏమీ లేదు. మధ్యాహ్నం 12:40కి బాక్సు, అదీ దోస్తులతో సగం సగం. రాత్రి ఎనిమిదిన్నరకు తిన్న అన్నమే మర్నాడు మధ్యాహ్నం దాకా, 16 గంటలు, అందులో గంటన్నర పరుగు. నేను చెప్పిన గుడ్లూ పాలూ పొద్దున తినబుద్ధి కాక రాత్రికే తీసుకునేవాడు. ఆ మేరకు అన్నం తగ్గేది. లెక్క ఉన్నచోటే ఉండేది.

ఇది ఎవరి కంటా పడదు. తల్లి రాత్రి కంచం చూస్తుంది, నేను గ్రౌండ్‌లో చెమట చూస్తాను, బడిలో టీచర్ బాక్సు చూస్తాడు. పొద్దుటి ఖాళీ ఎవరి వాటాలోకీ రాదు.

లెక్క వేయండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టిక ప్రకారం 16-18 ఏళ్ల అబ్బాయికి రోజుకు 3,320 కేలరీలు కావాలి, అమ్మాయికి 2,500. 13-15లో 2,860, 2,400. అదీ మామూలు చురుకుదనం ఉన్న పిల్లలకు. రెండుపూటలా గ్రౌండ్‌లో ఉండేవాడికి ఇంకా ఎక్కువే. 200 గ్రాముల బియ్యం వండితే 700 కేలరీలు. పప్పు, కూర, పెరుగు కలిపినా ఆ గుట్ట వెయ్యి దాటడం కష్టం. మిగతాది ఎక్కడినుంచి రావాలి?

సరిచేయడం ఇలా. గ్రౌండ్‌కి బయల్దేరే ముందు ఒక అరటిపండు, లేదా చిన్న పల్లిపట్టీ. కడుపు నింపొద్దు, పరుగులో వాంతి వస్తుంది. చాయ్ తర్వాత తాగనివ్వండి. ప్రాక్టీస్ అవ్వగానే మెట్ల మీద కూర్చుని బాక్సు తినాలి: రెండు ఉడకబెట్టిన గుడ్లు, నెయ్యి బెల్లం చుట్టిన రెండు చపాతీలు. గుడ్డు తినని ఇళ్లలో శెనగ గుడాలు, పెరుగు కలిపిన సద్దన్నం. బడిలో తింటాలే అంటే ఒప్పుకోవద్దు, దోస్తులు తినేస్తారు. ఇంటర్వెల్‌కి జేబులో గుప్పెడు పల్లీలు, బెల్లం ముక్క. 40 గ్రాముల పల్లీల్లోనే 220 కేలరీల పైన ఉంటాయి, 10 గ్రాముల ప్రోటీన్. సాయంత్రం ఆటకు ముందు అటుకులో, సర్వపిండి ముక్కో. రాత్రి కంచంలో ఏమీ మార్చొద్దు. పడుకునే ముందు పాలు.

మొదటి వారం పొద్దున దిగదు. సగంతో మొదలుపెట్టి రెండు వారాల్లో పూర్తికి తేవాలి. ఆ పిల్లవాడు మూడు నెలల్లో మూడు కిలోలెక్కాడు. వారానికి పావుకిలో నుంచి అరకిలో చాలు, అంతకన్నా వేగంగా పెరిగితే పొట్టే వస్తుంది.

ప్రోటీన్ అంటారా, 50 కిలోల ఆటగాడికి రోజుకు 60 నుంచి 80 గ్రాములు. మూడు గుడ్లు, అరలీటరు పాలు, ఆ పల్లీలు కలిస్తేనే 40 దాటుతుంది. మిగతాది పప్పు, పెరుగు, అన్నం, ఆదివారం చికెన్ చూసుకుంటాయి. బరువు పెంచే డబ్బాల వెనక చదవండి, చాలావాటిలో ముందు కనిపించేది మాల్టోడెక్స్‌ట్రిన్, అంటే పిండిపదార్థం. దానికి అన్నం లేదా?

పొద్దుటి ఖాళీ పూడ్చినా కదలకపోతే చాటు కష్టం ఏదైనా ఉందేమో అడగండి. బడికి సైకిల్ తొక్కడం, సాయంత్రం గల్లీ క్రికెట్. మానిపించక్కర్లేదు, ఇంకో చపాతీ పెట్టండి.

అమ్మాయిల విషయంలో ఒకటి: మూడు నెలలు నెలసరి రాకపోతే ప్రాక్టీస్‌కి సుఖమైందని ఊరుకోవద్దు. తిండి చాలకపోతే అలా ఆగుతుంది, డాక్టర్‌కి చూపించాలి. పాలిపోయి ఆయాసపడుతుంటే హిమోగ్లోబిన్ చూపించండి, అన్నం తింటూ చాయ్ తాగడం ఆపించండి.

నులిపురుగులా? బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మింగాడో లేదో అడగండి, అంతే. థైరాయిడ్ లాంటివి అరుదు. బరువు పెరగకపోవడం వేరు, తగ్గడం వేరు. బాగా దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం కలిసి కనిపిస్తే ఆ రోజే షుగర్ పరీక్ష చేయించండి. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ఆస్పత్రికి తీసుకెళ్లండి, నా దగ్గరికి కాదు.