గేటు, పోర్టికో లైట్లకు టైమర్ స్విచ్ బిగించుకోవడం ఎలా

గేటు స్తంభాల మీద రెండు, పోర్టికోలో ఒకటి, పెరటి వైపు ఒకటి, మొత్తం నాలుగు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రాత్రంతా, అంటే 12 గంటల పాటు వెలిగితే నెలకు దాదాపు 13 యూనిట్లు ఖర్చవుతాయి. సాయంత్రం 6 నుంచి రాత్రి 11 వరకే వెలిగితే ఐదున్నర యూనిట్లు కూడా కావు. బిల్లులో ఇదేమంత పెద్ద తేడా కాదు. ఇంటిల్లిపాదీ ఊరెళ్లినప్పుడు పట్టపగలు గేటు లైట్లు వెలుగుతూ, ఇంట్లో ఎవరూ లేరని వీధికంతా చాటకుండా ఉండడమే టైమర్ వల్ల కలిగే అసలు మేలు.

బజారులో ప్రధానంగా మూడు రకాలు దొరుకుతాయి. డయలు టైమర్‌లో 24 గంటల చక్రం చుట్టూ పావుగంటకొకటి చొప్పున 96 పళ్లు ఉంటాయి, లైటు వెలగాల్సిన వేళకు సరిపడే పళ్లను నొక్కితే చాలు. అయితే బ్యాటరీ లేని డయలు టైమర్ కరెంటు పోగానే ఆగిపోతుంది కనుక, మధ్యాహ్నం రెండు గంటలు కోత పడితే, డయలును మళ్లీ సరిచేసేదాకా లైట్లు రెండు గంటలు ఆలస్యంగానే వెలుగుతాయి. రెండోది వెలుతురును పసిగట్టే సెన్సర్. దీనికి సమయం అమర్చే పని లేదు కానీ, తాను వెలిగించే బల్బు కాంతి దాని మీద పడితే లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, వీధి దీపం కాంతి పడితే అసలు వెలగకపోవచ్చు. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ మూడోది. కోతలున్న ఊళ్లలో ఇదే మేలని నా అభిప్రాయం. అక్షాంశ రేఖాంశాలను బట్టి సూర్యాస్తమయాన్ని తానే లెక్కగట్టుకునే టైమర్లూ ఉన్నాయి, ధర కాస్త ఎక్కువ.

కొనేటప్పుడు డబ్బా మీద 16 ఆంపియర్లు అన్న అంకె ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు. ఆ అంకె సాధారణంగా హీటరు వంటి లోడుకు చెప్పేది. ఎల్‌ఈడీలు వెలిగే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి కనుక, ఎల్‌ఈడీ లోడుకు విడిగా ఇచ్చిన వాట్ల పరిమితిని చూడాలి. నాలుగు బల్బులకు ఇబ్బంది ఉండదు గానీ, గోడ చుట్టూ ఫ్లడ్‌లైట్లు పెట్టుకున్నవారు మధ్యలో కాంటాక్టర్ (టైమర్ సంకేతంతో పెద్ద లోడును వేసి ఆర్పే స్విచ్) వేయించుకోవాలి.

వైరింగ్ పని అలవాటు లేనివారు ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే మంచిది. అయినా పని ఎలా జరగాలో తెలిసి ఉండాలి. ముందుగా మెయిన్ దించాలి. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో మెయిన్ దించినా ఆ లైనులో కరెంటు ఉంటుంది కాబట్టి, ఇన్వర్టర్‌ను కూడా ఆపాలి. టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందే కరెంటున్న సాకెట్‌లో పెట్టి చూసుకుని, ఆ టెస్టర్‌తో వైరులో కరెంటు లేదని తేల్చుకున్నాకే వైరు ముట్టుకోవాలి. టెర్మినళ్ల వరుస ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది కనుక టైమర్ పక్కన ముద్రించిన బొమ్మనే అనుసరించాలి. సాధారణంగా రెండు టెర్మినళ్లకు ఫేజు, న్యూట్రల్ ఇస్తే గడియారం నడుస్తుంది. కామన్ టెర్మినల్‌కు మళ్లీ ఫేజు ఇచ్చి, నార్మల్లీ ఓపెన్ టెర్మినల్ (టైమర్ ఆన్ అయినప్పుడే కామన్‌తో కలిసేది) నుంచి లైట్లకు వైరు తీసుకోవాలి. లైట్ల న్యూట్రల్ కూడా అదే లైనుది కావాలి, వేరే లైనుదైతే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే బ్రేకర్) ఉన్న ఇంట్లో అది పడిపోతూ ఉండవచ్చు.

పాత స్విచ్‌ను టైమర్‌కు ముందు ఉంచితే, ఎవరో అలవాటు కొద్దీ దాన్ని ఆపేస్తారు, ఆ రాత్రి లైట్లు వెలగవు. అందుచేత టైమర్‌కు నేరుగా కరెంటు ఇచ్చి, పాత స్విచ్‌ను టైమర్ కాంటాక్టుకు సమాంతరంగా కలిపితే, అర్ధరాత్రి చుట్టాలు వచ్చినప్పుడు చేత్తో వేసుకోవచ్చు. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇళ్లలో స్విచ్‌కూ టైమర్‌కూ ఒకే ఫేజు వచ్చేలా తప్పక చూడాలి; వేర్వేరు ఫేజులైతే 415 వోల్టుల మధ్య షార్ట్ అవుతుంది.

టైమర్‌ను ఇంటి లోపలి బోర్డులోనే పెట్టడం ఉత్తమం. గోడ బయట పెట్టక తప్పకపోతే ఐపీ 65 (దుమ్ము, నీటి చిమ్ములు లోపలికి చొరనివ్వని) పెట్టెలో పెట్టి, వైరు కింది వైపు నుంచే లోపలికి వెళ్లేలా, వెళ్లే ముందు కాస్త కిందికి వేలాడి పైకి లేచేలా వంచితే, వాననీరు వైరు వెంబడి లోపలికి జారదు.

ఇక సమయాల సంగతి. హైదరాబాద్‌లో నవంబరు చివర సూర్యుడు సుమారు 5:40కే అస్తమిస్తాడు, జులై మొదట్లో 6:55 దాకా ఉంటాడు. కాబట్టి ఏడాది పొడవునా ఒకే సమయం పెడితే వేసవిలో పగటి వెలుగులోనే లైట్లు వెలుగుతాయి, లేదా చలికాలంలో గుమ్మం ముందు చీకటిగా ఉంటుంది. నవంబరు నుంచి జనవరి సగం దాకా 17:50కి, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా 18:50కి, మధ్య నెలల్లో 18:20కి వెలిగేలా మారిస్తే సరిపోతుంది. ఒక డిగ్రీ రేఖాంశానికి 4 నిమిషాల తేడా వస్తుంది కనుక, దాదాపు 5 డిగ్రీలు తూర్పున ఉన్న విశాఖపట్నం వాసులు వీటన్నిటి నుంచి 20 నిమిషాలు తగ్గించుకోవాలి. తెల్లవారుజామున పాలవాడు వచ్చే వేళకు వెలుతురు కావాలనుకుంటే 4:45 నుంచి 6:15 వరకు రెండో ప్రోగ్రాం పెట్టుకోవచ్చు.

అన్నీ అమర్చాక లైట్లు రావడం లేదని చాలామంది కంగారు పడతారు. చాలా చిన్న డిజిటల్ టైమర్లు ఆటోలో, అంటే ప్రోగ్రాం ప్రకారం నడిచేలా, పెట్టిన క్షణంలో ఉన్న స్థితినే తర్వాతి ప్రోగ్రాం వేళ వరకు కొనసాగిస్తాయి. రాత్రి 8 గంటలకు ఆఫ్ నుంచి ఆటోకు మారిస్తే ఆ రోజుకు లైటు వెలగదు. ముందు ఆన్ చేసి తర్వాత ఆటోకు మార్చాలి. ఆరిన తర్వాత కూడా బల్బు మసకగా మిణుకుమంటుంటే, ఫేజుకు బదులు న్యూట్రల్ తెగుతోందేమో ముందుగా చూడాలి. అలా ఉంటే లైటు ఆరినట్టు కనిపించినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది కాబట్టి, ఆ రెండు వైర్లూ మార్చేదాకా బల్బు విప్పకూడదు.